ఉప్పునీళ్ల నలుసులు

మా మేనత్త ఇక లేదని బాపు ఫోన్ చేసినప్పుడు నేను జనగామలో, మా బడిలో పాఠం చెబుతున్నాను. వరండాలోకి వచ్చి ఫోన్ ఎత్తాను. "అక్క పోయింది బిడ్డా" అన్నాడు. తర్వాత, నువ్వు నిమ్మళంగా రా, తొట్టి సంగతి నేను చూసుకుంట అన్నాడు. వేరేవాళ్లు వింటే చావు కబురులో తొట్టి మాటేమిటని అనుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

మహబూబాబాద్‌లో మామకు కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉండేది. దుకాణం పైనే ఇల్లు. ముందుగదిలో ఉప్పునీటి చేపల తొట్టి. అత్త ఒకసారి సికింద్రాబాద్‌లో కంటి డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు అక్కడి తొట్టిలో వేలెడంత చేపను చూసిందట. నీలం ఒంటి మీద నారింజ చారలు, ముగ్గు మెలికల్లా. లోపలికి రమ్మని పిలిచినా లేవలేదట. ఎన్నడూ ఏదీ అడగని మనిషి అదొక్కటి అడిగింది. మామ కాదనలేకపోయాడు.

మాండరిన్ అనే ఆ చేప పొడి మేత ముట్టదు. కదిలే ప్రాణినే ఏరుకుని తింటుంది. అది తెలియక తెచ్చుకున్న మొదటి చేప ఆమె కళ్లముందే ఎండిపోయింది. అమ్మినతనికి ఫోన్ చేస్తే, దానికి కోపీపాడ్లు కావాలన్నాడు. అవి సముద్రపు నీళ్లలో ఉండే, ఆవగింజలో సగం కూడా లేని ప్రాణులు. పెద్ద తొట్టికి పక్కన చిన్న తొట్టి ఒకటి కలిపి, చేపలు చేరని ఆ చోట వాటిని పెంచాలట. అక్కడ పెరిగినవాటిలో కొన్ని పైపు నీళ్లతో పాటు పెద్ద తొట్టిలోకి వెళ్లి చేపకు ఆహారమవుతాయి. అవి పెరిగాకే అత్త రెండో మాండరిన్‌ను తెచ్చుకుంది. ఆ పేరుకు అత్త నోరు తిరగలేదు. నలుసులు అంది. పెళ్లయి ఇన్నేళ్లయినా కడుపున ఒక నలుసు లేదని చుట్టాలు ఆమె వినేలాగే అనుకునేవాళ్లు. కావాలనే ఆ పేరు పెట్టిందో, నోటికొచ్చిందో, నేను అడగలేదు.

చిన్న తొట్టిలో ఇసుక, నాలుగు రాళ్లు, చిక్కుపడ్డ పచ్చదారం ఉండలాంటి నాచు. నలుసులు ఉండేది ఆ నాచులోనే. దాన్ని పసిబిడ్డకు పక్క మార్చినట్టు మెల్లగా తిప్పేది. ఎండకు నీళ్లు ఇంకితే మంచినీళ్లే పోసేది. నీళ్లు ఆవిరైపోతాయి కానీ ఉప్పు పోదు కదా. రాగి తగిలితే నలుసులు చస్తాయని తెలిసినప్పటి నుంచి వేలికున్న రాగి ఉంగరం తీసేసింది. ఆ గదిలో దోమల మందు లేదు, అగరుబత్తి లేదు. ఎవరు అడుగు పెట్టినా ముందు అడిగేది, "చేతులు కడిగినవా?" అని. దుకాణం నిండా ఉప్పు బస్తాలున్నా ఈ తొట్టికి పనికొచ్చే ఉప్పు హైదరాబాద్ నుంచే రావాలని మామ నవ్వేవాడు.

నేను డిగ్రీ చదివింది అత్త ఇంట్లో ఉండే. రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక కాలేజీ మూతపడింది, బస్సులు ఆగాయి. భూపాలపల్లిలో బాపు పనిచేసే బొగ్గు బావి కూడా ఆగింది. బొగ్గు లేక కరెంటు కోతలు పెరిగాయి. ఇన్వర్టర్ చార్జింగ్ ఎక్కేంత సేపు కూడా కరెంటు ఉండేది కాదు. నీళ్లు తిప్పే మోటరు ఆగితే తొట్టిలో ఏ ప్రాణికీ ఊపిరాడదు. అత్త స్టూలు వేసుకుని, ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లు ముంచి పైనుంచి ధారగా పోస్తూ కూర్చుంది. ఆమె చేయి పడిపోతే నేను అందుకునేదాన్ని. అయినా మాండరిన్‌తో పాటు తొట్టిలో ఉన్న పెద్ద చేపలు రెండూ పోయాయి. మాండరిన్ మాత్రం రాయి కింద బతికుంది. అత్త నాచులోంచి కొంత తుంపి, ఆ నీళ్లతోనే పచ్చళ్ల గాజు సీసాల్లో వేసి, కిటికీ వెలుగులో పెట్టింది. తొట్టి పోయినా విత్తనం మిగలాలె అంది.

ఆ రోజుల్లోనే బాపు స్నేహితుడి మోటార్‌సైకిల్ మీద భూపాలపల్లి నుంచి వచ్చాడు. అక్క చేతిలో మగ్గు చూశాడు, ఆగిన మోటరు చూశాడు. చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడిపోయాడు.

"మేం పని బంద్ జేస్తెనే గిట్లయింది అక్కా" అన్నాడు.

అత్త నీళ్లు పోయడం ఆపలేదు. "అయితే ఏంది? నా తొట్టి కోసం నువ్వు బాయిల దిగుతవా?"

బాపు చూపు ఆగిన మోటరు మీదికి పోయింది.

"దిగితె మాత్రం నా గడప తొక్కకు తమ్మీ" అంది. ముందురోజు చచ్చిన చేపలను పెరట్లో పూడ్చి వచ్చిన మనిషి ఆమె.

బాపు చేతులు కడుక్కుని వచ్చి మగ్గు అందుకున్నాడు. సాయంత్రం దాకా పోశాడు. ఎదురుగా రోడ్డు మీద దీక్షా శిబిరం నడుస్తోంది. అక్కడికి తండా నుంచి వచ్చిన ఒకామె తాగే నీళ్ల కోసం పైకి వచ్చి, ఇదేందని అడిగింది. అత్త సీసా ఎత్తి వెలుగుకు పట్టి చూపించింది. ఆమె చాలాసేపు చూసి, తన భాషలో ఏదో అనుకుని, నువ్వు జర నడుం వాల్చు అక్కా అని బాపు తర్వాతి వంతు తనే తీసుకుంది. మర్నాడు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. అప్పటి నుంచి శిబిరంలోని ఆడవాళ్లు వంతులవారీగా పైకి వచ్చి పోశారు.

సమ్మె ముగిశాక, మోటరు తిరిగాక, సీసాల్లోని నీళ్లు అత్త మళ్లీ తొట్టిలో వంచింది. మాండరిన్ పొట్ట లోపలికి అంటుకుపోయి ఉంది. ఒక ఉదయం అది అద్దం దగ్గరికి వచ్చి దేన్నో టక్కున అందుకుంది. అత్త నా భుజం గట్టిగా పట్టుకుంది.

రాష్ట్రం వచ్చిననాడు పటాకుల పొగ లోపలికి రాకుండా కిటికీలన్నీ మూసి, తను మాత్రం కిందికి దిగి ఒళ్లంతా గులాల్ చల్లించుకుంది. కొన్నేళ్లకు ఆ చేప ముసలిదై చనిపోయింది. తర్వాత మామ పోయాడు. పెద్ద తొట్టి తీసేసినా చిన్నదాన్ని ఆమె వదల్లేదు. తినే చేపే లేదు కదా, ఎవరి కోసం అని అడిగాను. "ఎవరి కోసం ఏంది? ఉన్నయి గద" అంది.

దినాలయ్యాక నేను ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. లోపలికి వెళ్లేముందు చేతులు కడుక్కున్నాను. అడిగేవాళ్లు లేరు. అయినా గడప దగ్గర కాసేపు ఆగాను, ఆ ప్రశ్న వినబడుతుందేమోనని. బాపు ఉద్యోగం అయిపోయాక అక్క దగ్గరికి తరచూ వచ్చి పని నేర్చుకున్నాడు. తొట్టిని భూపాలపల్లికి తీసుకుపోతానన్నాడు. సరేనన్నాను. అత్త ఇంటికి వెళ్లడానికి నాకింక సాకు లేదు.

ఆమెను తలుచుకుంటే నాకు బాపట్ల సముద్రం గుర్తొస్తుంది. రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం మేమంతా రైల్లో వెళ్లాం. అత్త సముద్రాన్ని చూడడం అదే మొదటిసారి, అదే చివరిసారి. అందరం అలలను చూస్తున్నాం. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి మోకాళ్ల లోతుకు వెళ్లి, గాజుగ్లాసుతో నీళ్లు ముంచి, సముద్రానికి వీపు పెట్టి, గ్లాసును ఎండకు ఎత్తి పట్టింది. అల వెనక్కి పోతూ ఆమె పాదాల కింది ఇసుకను లాగేస్తోంది. ఒడ్డు నుంచి మామ పిలుస్తున్నాడు. నేను దగ్గరికి వెళ్లి, ఉన్నయా అత్తా అని అడిగాను.

"ఆగు బిడ్డా" అంది, గ్లాసు మీంచి కళ్లు తిప్పకుండా. "నీళ్లు జర నిలవనియ్యి."