బావ చేతులు వణకలేదు

పోయిన నెల ఆరాంఘర్ చౌరస్తా దగ్గర ఒక హోటల్లో కూర్చుని చాయ్ తాగుతున్నాను. మోటార్ల వైండింగుకు రాగితీగ కొనుక్కుని, శంషాబాద్ బస్సు కోసం ఆగిన సమయం అది. పక్క బల్ల దగ్గర ఇద్దరు తుపాకీ లైసెన్సుల గురించి మాట్లాడుకుంటున్నారు. అందులో ఒకాయన సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ అన్నాడు: "మా దిక్కు ఒక మిలిటరీ ఆయన ఉండె. కొత్త రైఫిల్ కొని దాన్ని పెండ్లికొడుకు లెక్క తయారు చేసిండు. తీరా నలుగురి ముందట కాల్చుమంటే చేతులు గడగడ వణికినయ్." రెండో ఆయన నవ్వాడు. "తాగుతడేమో?" "తాగకుంటె ఎట్ల? మిలిటరీ గదా! నేను గాలికి చెప్తలేను. చేతులు వణుకుతయని ఆయన సొంత బామ్మర్దే చెప్పిండు."

ఆ సొంత బామ్మర్దిని నేనే. గ్లాసు బల్ల మీద పెట్టి లేచాను. వాళ్లను పట్టుకుని నాలుగు మాటలు అడగాలనుకున్నాను. బావ చుక్క మందు ముట్టడని, ఆయన చేతులు ఆ రోజు వణకలేదని గట్టిగా అరిచి చెప్పాలనుకున్నాను. కానీ వాళ్లు చెప్పిన దాంట్లో ఒక్క మాట మాత్రం నిజం. చెప్పింది నేనే. అందుకే చాయ్ డబ్బులు బల్ల మీద పెట్టాను. బస్సెక్కాను. అక్కడ అరవలేనిది ఇక్కడ రాస్తున్నాను.

బావ అంటే మా పెద్దక్క పెనిమిటి. శంషాబాద్‌కూ హిమాయత్ సాగర్‌కూ మధ్య ఉన్న ఊరు వాళ్లది. సైన్యంలో ఇరవై రెండేళ్లు చేశాడు. అందులో సగం కాలం కొత్త జవాన్లకు గురి నేర్పే ఉద్యోగమే. పింఛను తీసుకుని ఊరికొచ్చి, ఎయిర్‌పోర్టుకూ రోడ్లకూ పోగా మిగిలిన ఎకరంన్నరలో కాకర, బీర పెట్టుకున్నాడు. ఆ పొలం మీదుగా విమానాలు ఎంత కిందికి దిగుతాయంటే, రెక్కల కింద రాసిన అక్షరాలు చదవొచ్చు. మాట మధ్యలో విమానం వస్తే బావ ఆగి, అది దాటిపోయాక వదిలిన చోటునుంచే వాక్యం పూర్తిచేస్తాడు. అంత ఓపిక ఉన్న మనిషి. ఆయన గురించి ఇంకొకటి చెప్పాలి. మిలిటరీ క్యాంటీన్‌లో నెలనెలా తన వంతుకు వచ్చే మందు సీసాలు ఆయన తెచ్చేవాడు కానీ, మూత తిప్పిన పాపాన పోలేదు. ఊళ్లో ఎవరడిగితే వాళ్లకు ఇచ్చేవాడు. నాకూ ఇచ్చాడు. తర్వాత ఆయనను తాగుబోతు అన్న నోళ్లలో ఆ సీసాల రుచి ఎరుగని నోరు ఒక్కటీ లేదు. ఈ సంగతి తలచుకుంటే ఈనాటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మూడేళ్ల కిందట ఆ దగ్గర్లో ఒక షూటింగ్ క్లబ్బు వెలసింది. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు గురి నేర్పడానికి ఒక కోచ్ కావాలని, కమిటీ ముందు తన సొంత తుపాకీతో పది గుళ్లు కాల్చి చూపినవాళ్లనే తీసుకుంటామని ప్రకటించారు. బావ ముఖం వెలిగిపోయింది. జీతం కోసం కాదు. ఆ క్లబ్బు ఇచ్చేది పెట్రోలుకు కూడా చాలదు. "మన ఊరి పోరగాండ్లు ఎయిర్‌పోర్టుల ట్రాలీలు నూకుడే గాదురా బామ్మర్ది. ఒక్క ఆడపిల్లనన్న దేశం తరఫున గురి కొట్టేటట్టు జెయ్యాలె" అన్నాడు. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఆయన తనకంటూ ఏదీ కోరుకున్నట్టు నాకు గుర్తు లేదు.

లైసెన్సు ఆయనకు ముందే ఉంది. నగరంలో ఒక దుకాణానికి నన్ను వెంటబెట్టుకుని పోయి, పాయింట్ టూ టూ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొన్నాడు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పేలుతుంది. పేలగానే ఖాళీ ఇత్తడి గొట్టాన్ని తానే బయటికి విసిరేసి, తర్వాతి తూటాను తానే లోపలికి లాక్కుంటుంది. సైన్యంలో అన్నేళ్లూ అటువంటి దాన్నే మోశాడు కనుక చేతికి అలవాటైనదే కావాలన్నాడు. ఠాణాలో చూపించి, లైసెన్సు పుస్తకంలో నంబరు ఎక్కించుకుని ఇంటికి తెచ్చాక, పెట్టె తెరవకముందే మా అందరినీ నిలబెట్టి చెప్పాడు: "దీన్ని నేను తప్ప ఇంకొకరు ముట్టొద్దు. ముట్టిన్రని తెలిస్తే లైసెన్స్ పోతది, ముట్టినోని మీద కేసైతది. ఖేల్ ఖతం."

ఆ తర్వాత పది రోజులు ఆ ఇంట్లో రైఫిల్‌కు జరిగిన సేవలు చూడవలసిందే. కంపెనీవాళ్లు తుప్పు పట్టకుండా పూసిన చమురును పాత బనియన్ ముక్కలతో తుడిచి తుడిచి తీశాడు. సన్నని కడ్డీకి తెల్లగుడ్డ కట్టి, గుడ్డ తెల్లగానే బయటికి వచ్చేదాకా తుపాకీ గొట్టంలో లాగాడు. గురి చూసే దుర్బిణి బిగించేటప్పుడైతే, గోడ నిటారుగా ఉందో లేదో చూసే మేస్త్రీ గుండుదారం అడిగి తెచ్చి, ఎదుటి దూలానికి వేలాడదీసి, లోపలి గీత ఆ దారానికి సరిగ్గా కలిసేదాకా అరగంట కన్ను తీయలేదు. నాలుగు మరలనూ వంతులవారీగా కొంచెం కొంచెం తిప్పాడు. భుజానికి ఆలివ్ రంగు కాన్వాసు పట్టా, చెంప ఆనేచోట అక్క పాత తోలుసంచి నుంచి కత్తిరించిన మెత్త. అక్క వంటింటి గడప మీద నిలబడి అన్నది: "పెండ్లయిన కొత్తల నన్ను గూడ గింత ముద్దుగ చూడలె. దీనికేమో దిష్టి తీసుడొక్కటే తక్కువ." బావ దుర్బిణిలోంచి కన్ను తీయకుండానే, "నువ్వు నిటారుగనే ఉంటివి, గుండుదారం అవసరం పడలె" అన్నాడు.

నేను ఊరుకుని ఉండవలసింది. ముప్పై ఏళ్లుగా బోరు మోటార్లు విప్పి బిగిస్తున్నవాణ్ని. యంత్రమన్నది నాకు తెలియకుండా ఎలా పోతుందని నా పొగరు. రైఫిల్ లోపలి భాగం పొడిగా కనిపించింది. "బావా, జర నూనె పడాలె" అన్నాను. "వద్దురా. ఇది మోటార్ గాదు. చిన్న తూటాల మసి నూనెకు అంటుకుంటె లోపల బంకైతది. పొడిగుంటెనే నడుస్తది" అన్నాడు. మిలిటరీవాళ్ల చాదస్తం అనుకున్నాను. ఆయన క్లబ్బుకు తీసుకుపోయి గురి సరిచేసుకుని వచ్చి, సంచిలో పెట్టి బీరువాకు తాళం వేశాడు. ఇంక పరీక్ష రోజు దాకా కదిలించేది లేదన్నాడు.

పరీక్షకు నాలుగు రోజుల ముందు దసరా. ఆ పండగకు మా ఇళ్లలో ఇనుమన్నది ఏదీ బొట్టు లేకుండా ఉండదు. మోటార్ సైకిలు, బోరు స్టార్టరు, కొడవళ్లు, మిక్సీ, కూరగాయల కత్తిపీట దాకా అన్నింటికీ పసుపు కుంకుమలే. బావ తుపాకీ సంచికి పైన ఒక బొట్టు పెట్టి, మటన్ తేవడానికి వెళ్లాడు. అక్కకు అది నచ్చలేదు. "సంచికి పెడితె ఆయుధానికి పెట్టినట్టెట్లయితదిరా? మంచి పనికి పోయే వస్తువు. ఉత్తగ పంపిస్తనా?" అన్నది. ఆమెకు తెలియని తాళంచెవి ఆ ఇంట్లో లేదు. ఆమె తెరిచింది, నేను బయటికి తీశాను. ఆమె తడిపసుపు పూసి కుంకుమ అద్దింది. పసుపు ముద్ద కొంత ఖాళీ తూటా గొట్టాలు బయటికి వచ్చే సందులోకి జారింది. అక్కడితో ఆగినా పరవాలేకపోయేదేమో. నేను నా దుకాణంలో ప్రతి దసరాకు చేసినట్టే, మిషన్ నూనె సీసా తెచ్చి అదే సందులో ధారగా పోశాను. నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించాను. వెన్నలా నడిచింది. గర్వపడ్డాను కూడా. పైపైన గుడ్డతో తుడిచేసి, బావ వచ్చేలోగా బీరువాలో పెట్టేశాము. తూటాలు వేరే పెట్టెలో ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. ఆ పాటి బుద్ధి అయినా మిగిలింది.

ఆదివారం పొద్దున బావ తుపాకీ గొట్టంలోంచి వెలుతురు చూశాడు. శుభ్రంగా ఉంది. ఆడించి చూశాడు. సాఫీగా ఉంది. క్లబ్బులో కమిటీవాళ్లు ఐదుగురు కుర్చీల్లో కూర్చున్నారు. భూములమ్మి క్లబ్బు పెట్టిన పెద్దమనిషి నల్లకళ్లద్దాలు పెట్టుకుని మధ్యలో ఉన్నాడు. చుట్టూ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు. మొదటి గుండు నల్లచుక్క మధ్యలో పడింది. రెండోది పేలలేదు. మొదటి తూటా ఖాళీ గొట్టం సందులో అడ్డంగా ఇరుక్కుంది. బావ తుపాకీ నేలవైపు పెట్టి, ఆ గొట్టాన్ని గోటితో లాగి, మళ్లీ గురి పెట్టాడు. మళ్లీ ఇరుక్కుంది. మూడోసారీ అంతే. నూనె చేసిన బంకకు ఆయన వేళ్లు జారుతున్నాయి. దూరం నుంచి చూసేవాళ్లకు అది వణుకులా కనబడింది. నల్లకళ్లద్దాల మనిషి పక్కవాడితో, అందరికీ వినబడేలా అన్నాడు: "చేతులు చూడు ఎట్ల వణుకుతున్నయో. మిలిటరీ సాబ్, జర రాత్రి మోతాదు తగ్గించాలె." పిల్లలు కూడా నవ్వారు. జన్మలో తుపాకీ పట్టుకోని ఆ మనిషి, తుపాకీతోనే బతుకు గడిపిన మనిషికి మోతాదు చెప్పాడు. బావ తూటాలుండే మ్యాగజైన్ తీశాడు, లోపల ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాడు, సంచిలో పెట్టి జిప్ వేశాడు. ఆ వేళ్లలో వణుకు లేదు. అది చూసిన కన్ను అక్కడ నాదొక్కటే.

ఇంటికొచ్చి, వరండాలో గోనెపట్టా పరిచి, రైఫిల్ విప్పాడు. తెల్లగుడ్డ లోపలికి పెట్టి లాగాడు. పచ్చగా వచ్చింది. ఇంకోటి పెట్టాడు. అదీ పచ్చగా, జిడ్డుగా వచ్చింది. ఆ గుడ్డ వైపు చూసి, నా వైపు చూశాడు. అక్క లోపల వంట చేస్తోంది. ఆయన గొంతు తగ్గించి అన్నాడు: "ఎవ్వనికి చెప్పకు. మీ అక్కకు గూడ. తన పసుపు వల్లనని తెలిస్తె తట్టుకోదు. బయట తెలిస్తె నీకు కేసు, నాకు లైసెన్స్ ఖతం. వణికినయంటే అననీ." నేను వద్దనలేదు. నేనే పోయి ఒప్పుకుంటానని అనలేదు. "సరే బావా" అన్నాను. ఆ మాట ఎంత తొందరగా వచ్చిందో గుర్తుకొస్తే తల ఎత్తలేను.

అక్కడికైనా ఆగానా? వారం తిరక్కుండానే నా దుకాణానికి ఒకాయన మోటారు తెచ్చి, "మీ బావకు చేతులు వణుకుతయట గదా?" అన్నాడు. తెలియదని చెప్పి ఉండొచ్చు. తుపాకీ మొరాయించిందని చెప్పి ఉండొచ్చు. దానికి కేసులేం కావు. నేను రాగితీగ చుడుతూ, "వయసు గదా, జర వణుకుతయ్" అన్నాను. రెండు క్షణాల మాట. అది శంషాబాద్ దాటింది, ఆరాంఘర్ దాకా పోయింది. చాయ్ గ్లాసుల మధ్య నా పేరు మీద సాక్ష్యమై కూర్చుంది. నన్ను నేను తిట్టుకుంటున్నాను, నిజమే. అయినా అడుగుతాను: ఒక బామ్మర్ది పొడి మాట అనగానే, ఇరవై రెండేళ్ల కొలువును ఒక్క ఉదయంతో కొట్టిపారేసిన ఊరికి సిగ్గుండొద్దా? ఆయన పొలం గట్టు మీద ఒక్కరోజు నిలబడి ఆ చేతులు చూసి మాట్లాడినవాడు ఒక్కడైనా ఉన్నాడా?

కిందటి ఎన్నికలప్పుడు లైసెన్సున్న వాళ్లందరూ తుపాకులు ఠాణాలో అప్పగించాలన్నారు. ఎన్నికలయ్యాక అందరూ తెచ్చుకున్నారు. బావ మాత్రం ఇంక అక్కర లేదని రాసిచ్చి, లైసెన్సు కూడా వదిలేసి వచ్చాడు. కాబట్టి ఇప్పుడు పోవడానికి లైసెన్సు లేదు. కేసంటారా, నా మీద పెట్టుకోండి.

ఆరాంఘర్ నుంచి వచ్చిన రోజు నేను దుకాణానికి పోలేదు. నేరుగా వాళ్ల పొలానికి పోయాను. బావ కాకర తీగను పందిరికి కడుతున్నాడు. అక్క గంప పట్టుకుని పక్కనే ఉంది. "బావా, చేతులు వణుకుతయని అన్నది నేనే" అన్నాను. ఆయన ముడి వేయడం ఆపలేదు. "ఎరికేరా. నువ్వన్న మూడో నాడే నాకు చెప్పిన్రు" అన్నాడు. మూడేళ్లుగా తెలిసీ, పండగకు పిలిచి, నా పళ్లెంలో ముక్కలు వడ్డించాడు. అప్పుడు అక్కకు మొత్తం చెప్పాను. గంప కింద పెట్టింది. "అయితే నా పసుపు వల్లనా?" అన్నది. బావ వెంటనే, "నీ పసుపు దులిపితె రాలేది. వీని నూనెనే నన్ను ముంచింది" అన్నాడు. అక్క నవ్వలేదు. నా వైపు తిరిగి, "మూడేండ్లు నా మొగన్ని లోకమంత తాగుబోతును జేస్తుంటే, నువ్వు నా ఇంట్ల ఎట్ల తిన్నవురా?" అన్నది.

రేపే క్లబ్బుకు పోయి అందరి ముందు చెప్తానన్నాను. నెత్తి మీదుగా ఒక విమానం దిగుతోంది. అది దాటేదాకా బావ ఆగాడు. "చెప్పు, నేనేం వద్దంటలేను. నా పేరు జర బాగుపడ్తదేమో. పని మాత్రం రాదు. వాళ్లు అరవై దాటినోళ్లను తీసుకోరు. మొన్న శ్రావణంల నాకు నిండినయ్" అన్నాడు.

మర్నాడు పోయి చెప్పాను. నల్లకళ్లద్దాల పెద్దమనిషి విని, "అట్లనా" అని ఫోను చూసుకున్నాడు. ఆయన వెనక, కిరాయికి తెచ్చిన కోచ్ ఒక ఆడపిల్ల మోచేయి ఎలా ఆనించాలో తప్పుగా చూపిస్తున్నాడు. దసరా తర్వాతి ఆ ఆదివారం సాయంత్రమే నేను ఈ గేటు దాకా వచ్చి చెప్పి ఉంటే పని దొరికేదేమో, బావకు అప్పుడు యాభై ఏడేళ్లే. నేను దాచుకున్న మాట మూడేళ్లకైనా బయటికి వచ్చింది. ఆ పిల్లకు మోచేయి సరిచేయవలసిన మనిషికి మాత్రం ఆ మూడేళ్లూ కాకర పందిరి కిందే అయిపోయాయి.