భార్య కాలు పట్టిన మనిషి

మైదుకూరు బస్టాండులో కర్నూలు బస్సు కోసం ఎదురుచూస్తున్నాను. ఎదుటి బెంచీ మీద ఒకామె కూర్చుంది, పక్కన చేతికర్ర ఉంది. ఆమె భర్త కింద గచ్చు మీద కూర్చుని, ఒక చేత్తో మడమ, ఇంకో చేత్తో మోకాలి వెనుక పట్టుకుని ఆమె కాలును మెల్లగా పక్కకు జరుపుతున్నాడు. తర్వాత చీర మీదుగానే తొడ కండరం వత్తాడు. తుంటి మార్పిడి ఆపరేషన్ అయిందని చూడగానే అర్థమైంది. నా భార్యకూ అదే అయింది.

పూలమ్మే అవ్వ నవ్వింది. "ఏమప్పా, ఇంతమందిలో పెండ్లాం కాళ్ళు పడతాండావే?"

"పెండ్లినాడు సన్నికల్లు మీద ఈమె కాలు పెట్టించి మెట్టెలు తొడిగితి గదవ్వా. ఆ పొద్దు ఇంతకంటే శానామంది ఉండ్రి. ఎవురూ నవ్వల్యా," అన్నాడతను, తల ఎత్తకుండానే.

నేను ఆ వైపు చూడలేకపోయాను. మా ఇంటికొచ్చిన ఫిజియోథెరపిస్టు నా భార్య తొడ మీద చెయ్యి వేయడం సహించలేక వారం తిరక్కుండానే మాన్పించాను. "అయితే మీరే చేయండి సార్, నేర్పిస్తాను" అన్నాడు. మగవాణ్ణి, ఆడదాని కాళ్ళు పట్టడమేమిటని నేర్చుకోలేదు. ఆమె తుంటి బిగుసుకుపోయింది. ఇక పెద్దగా వదులు కాదని డాక్టరు చెప్పాడు. ఇప్పుడామె గడప దాటాలన్నా గోడ పట్టుకుని కాసేపు నిలబడుతుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, మంచం పక్కన కింద కూర్చుని ఆమె పాదం చేతిలోకి తీసుకున్నాను. ఆమె గబుక్కున కుచ్చెళ్ళు కిందికి లాక్కుంది.

"వద్దులే, ఎవురన్నా చూస్తారు."

ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.