చప్పుడు పోయిన కారు

నేర్చుకునేవాళ్లు స్టీరింగ్ ముందు కూర్చోగానే, పక్క సీట్లో ఆమె కుడిచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంటుంది. ఖాళీగా ఉంటే ఆ చెయ్యి ఊరుకోదు, స్టీరింగ్ మీదికి పోతుంది. పాఠం ముగిసేసరికి వేళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి.

డ్రైవింగ్ నేర్పడం ఆమె పని. ఉన్నది ఒకే కారు, పాతది. కొన్నాళ్లుగా స్టీరింగ్ ఎడమకు పూర్తిగా తిప్పితే అది టక్ టక్ మంటోంది. తిన్నగా పోతే నోరెత్తదు. డిక్కీలో జాకీ దొర్లుతోందనుకుని దాన్ని తీసి ఇంట్లో పెట్టింది. చక్రం మూతలో రాయి పడిందేమోనని విప్పి చూసింది. రాయీ లేదు, రప్పా లేదు. ఆ తర్వాత అలవాటైపోయింది. ఇంట్లో మనిషి దగ్గును ఎవరు పట్టించుకుంటారు?

అక్కడితో ఆగితే బాగుండేది. కారును రెండు గీతల మధ్యకు వెనక్కి పెట్టడం ఎవరికీ ఒక పట్టాన రాదు. ఒకరోజు ఆమె ఒక సంగతి గమనించింది. స్టీరింగ్ ఎడమకు చివరిదాకా తిప్పి మెల్లగా వెనక్కి వస్తే, నాలుగోసారి టక్ మనేసరికి కారు కావలసినంత తిరిగి ఉంటుంది. "నాలుగు టక్కులు వినండి, స్టీరింగ్ తిన్నగా చేసేయండి" అని చెప్పసాగింది. నేర్చుకునేవాళ్లకు ప్రాణం లేచివచ్చింది.

అందరికంటే ఎక్కువగా వదినకు. ఆవిడ ఆమె భర్తకు అక్క, ఆస్పత్రిలో నర్సు. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది, రెండుసార్లూ ఆ గీతల దగ్గరే. ఈసారి గట్టెక్కితే, కారులో ఇళ్లకు వెళ్లి రోగులను చూసే పని ఆవిడదే. పగటి పని. గట్టెక్కకపోతే మళ్లీ రాత్రి డ్యూటీలు, వార్డు మెట్లు, మోకాళ్ల నొప్పులు.

పరీక్ష రేపనగా ఉదయం, మలుపులో చప్పుడుతో పాటు స్టీరింగ్ కూడా అదిరింది. ఆమె కారును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లింది.

అతను అద్దాలు దించి, ఖాళీ స్థలంలో ఎడమకు ఒక చుట్టు, కుడికి ఒక చుట్టు తిప్పాడు. తర్వాత కారు కింద దూరాడు. బయటికి వచ్చి, వేళ్లకంటిన గ్రీజు ఆమెకు చూపించాడు. అందులో ఇసుక మెరిసింది.

"తిప్పేది ఎడమకి, అరిచేది కుడిచక్రం. మలుపులో బరువంతా బయటి చక్రం మీదే కదా! కొన్ని కాపురాల్లాగే, తిరిగేదొకరు, మోసేదొకరు. ఇరుసు చివర జాయింటు పోయింది చెల్లెమ్మా. దాని రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటికొచ్చింది, ఇసుక లోపలికెళ్లింది."

"ఎల్లుండి మారిస్తే కాదా అన్నా? రేపు పరీక్షుంది."

"ఆడితే ఏడాది ఆడుద్ది. ఆడకపోతే నడిరోడ్డు మీద ఇంజను తిరుగుద్ది, చక్రం తిరగదు. ఎవరు నడుపుతారు రేపు?"

"మా వదిన."

"ఆడపడుచంటే మరీ అంత కోపమా?"

ఆమెకు నవ్వు రాలేదు. తాళం అతని దగ్గరే వదిలేసింది.

సాయంత్రం మైదానంలో గీతలు గీసి, వెనక గీత మీద ఖాళీ డబ్బా నిలబెట్టింది. వదిన స్టీరింగ్ చివరిదాకా తిప్పి వెనక్కి వచ్చింది. చెవి ఒగ్గి వచ్చింది. డబ్బా కిందపడి నలిగింది.

"ఏమే, ఏదీ నీ టక్కు?"

"బాగు చేయించాను వదినా. అది జబ్బట."

"బాగు చేయించావో, నా నోట మట్టి కొట్టావో! పరీక్ష ముందురోజే దొరికిందా నీకు?"

"దిగండి, నేను చూపిస్తాను."

ఆమె కూర్చుంది. వెనక్కి వచ్చింది. మరో డబ్బా నలిగింది. మళ్లీ ప్రయత్నించింది. ఈసారి కారు గీతకు అడ్డంగా ఆగింది. ఇన్నాళ్లూ తనూ ఆ నాలుగో టక్కు కోసమే ఆగుతోందని అప్పుడు తెలిసింది. తను నేర్పింది కారు నడపడం కాదు, దాని జబ్బును వినడం.

వదిన నడుము మీద చేతులు వేసుకుని నిలబడి చూసింది. మెల్లగా అడిగింది.

"నీకూ రాదా?"

"వచ్చనుకున్నాను."

వదినకు నవ్వాగలేదు. ఆమె నవ్వలేదు. రెండడుగులకోసారి కారు ఆపి, దిగి, చక్రం ఎక్కడుందో చూసి, మళ్లీ ఎక్కింది. చివరికి దొరికింది. పక్క అద్దంలో వెనక తలుపు పిడి గీతను తాకినప్పుడు స్టీరింగ్ తిన్నగా చేయాలి. వదినను కూర్చోబెట్టింది. చీకటి పడేసరికి రెండుసార్లకు ఒకసారి సరిగ్గా వస్తోంది.

ఇంటికి వస్తూ వదిన అంది.

"రేపు పరీక్షప్పుడు నువ్వు గేటు దగ్గర నిలబడు. సరిగ్గా సమయానికి గట్టిగా దగ్గు. ఎవడికి తెలుస్తుంది?"

ఆమె ఇంటిదాకా అదే ఆలోచించింది. దగ్గడం ఎంత పని? ఒక్క దగ్గుతో వదినకు పగటి పని వస్తుంది. కానీ ఎల్లుండి నుంచి రోగుల ఇళ్ల ముందు, ఇరుకు సందుల్లో, ఎవరు దగ్గుతారు?

మర్నాడు పొద్దున ఆమె పరీక్ష మైదానం దగ్గర వదినకు తాళం ఇచ్చి, గేటు దాటి వీధి చివరిదాకా నడిచింది. అక్కడి నుంచి మైదానం కనిపించదు. ఇంకా తెరవని దర్జీ కొట్టు ముందు నిలబడి, బోర్డు మీద అక్షరాలు చదువుతూ ఉండిపోయింది.

కారు వచ్చి పక్కన ఆగింది. స్టీరింగ్ ముందు వదిన ఒక్కతే.

"ఎక్కడ చచ్చావే? గేటు దగ్గర చూశా, గోడ పక్కన చూశా. నీ కోసం కారు ఆపేశా కూడా! ఎవరి కోసమమ్మా అన్నాడు ఆఫీసరు."

"ఏం చెప్పారు?"

"ఎవరూ రారండీ అన్నా. ఏం చేస్తాం, అద్దంలో చూసుకున్నా. లైసెన్సు ఇచ్చాడు మహానుభావుడు!"

ఆమె వెనక తలుపు తీసింది.

"ముందుకు రావే! నేనేమైనా నీ డ్రైవరునా?"

ఆమె వెనక సీట్లో, స్టీరింగ్‌కు చెయ్యి అందని చోట కూర్చుని తలుపు వేసుకుంది.