సరుగుడు పుప్పొడి

పాత బంకమట్టిలోకి సరుగుడు పుప్పొడి ఎలా వచ్చిందో నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు. నాతోపాటు అదే గైడు దగ్గర పరిశోధన చేస్తున్న జూనియర్ అమ్మాయి ఆ కారణంగానే పీహెచ్‌డీ మధ్యలో మానేసింది.

భోగాపురం దాటాక, సముద్రానికి కాస్త ఇవతల, సరుగుడు తోటల మధ్య ఒక పల్లం ఉండేది. ఒకప్పుడు సముద్రం అంతదాకా వచ్చిందనీ, అక్కడ మడ అడవి ఉండేదనీ ఆమె నమ్మకం. అది రుజువైతేనే ఆమె థీసిస్. గాలి తగలని బంకమట్టిలో పుప్పొడి వేల ఏళ్లయినా చెడదు. అందుకే ఇనుప గొట్టం దింపి, అడుగు నుంచి మట్టి తీసేవాళ్లం.

పల్లం రైతు గట్టు మీద కూర్చుని మమ్మల్ని చూసేవాడు.

“ఏటమ్మా, బురదకి ఇంత కట్టపడతన్నారు?”

“పుప్పొడి కోసం తాతా.”

“పూలు సెట్టుకుంటాయి గానీ బురదకుంటాయేటి? మీ బాబు నిన్ను సదివించింది ఇందుకా?”

“మా బాబూ అదే అడుగుతన్నాడు,” అందామె.

గొట్టం పైకి తీసిన ప్రతిసారీ శుభ్రమైన నీళ్లతో కడిగాకే మళ్లీ దింపాలి. తెచ్చిన డిస్టిల్డ్ వాటర్ మధ్యాహ్నానికే అయిపోయింది. మిగతా డబ్బాలు దూరంగా రోడ్డు మీద జీపులో ఉన్నాయి. తీసిన మట్టిని సర్దడానికి ఆమె అక్కడికే వెళ్లింది. ఆ ఎండలో, ఇసుకలో నడవడానికి నాకు బద్ధకం వేసింది. తోట పక్క గుంటలో నీళ్లు ముంచి గొట్టం కడిగేశాను. సరుగుడు పూత కాలం. నీటి మీద పొడి తెట్టు కట్టి ఉంది. దాన్ని పక్కకు నెట్టి మరీ ముంచాను.

ల్యాబ్‌లో ఆమెకు మడ పుప్పొడి దొరికింది. దాని పక్కనే సరుగుడుదీ కనిపించింది. సరుగుడు ఇసుకను ఆపడానికి ఈమధ్య కాలంలో మనుషులు తెచ్చి నాటిన చెట్టు. అంత పాత మట్టిలో అది ఉండడానికి వీల్లేదు. ఉందంటే, పక్కనున్న మడ పుప్పొడినీ నమ్మలేం.

మట్టిని కరిగించే ఆసిడ్ మార్చింది. జల్లెడలు మార్చింది. గాజు పలకలు కొత్తవి తెప్పించింది. ఎన్నిసార్లు చేసినా అదే.

“ఏటన్నయ్యా ఇది, నా సేతికే అంటుకున్నాదా?” అని తల పట్టుకునేది.

“మళ్లీ చేసి చూడు,” అన్నాను. అంతకంటే నీచమైన సలహా నేనెవరికీ ఇవ్వలేదు.

డిపార్ట్‌మెంట్ మీటింగులో మా గైడు అందరి ముందూ, “శుభ్రత తెలియని చేతులకు ఈ పని రాదమ్మా,” అన్నారు. ఆమె నా వైపు చూసింది. నేను టీ కప్పులోకి చూశాను.

ఆమె పీహెచ్‌డీ మానేసి వెళ్లిపోయాక, కొత్తగా మట్టి తీసి గుట్టుగా నేనే సరిచేద్దామని మళ్లీ ఆ పల్లానికి వెళ్లాను. గొట్టం ఇసుకలో ఇరుక్కుని విరిగింది. కొత్తది చేయించుకుని వెళ్లేసరికి పల్లమంతా గ్రావెల్ పోసి, ప్లాట్ల రాళ్లు పాతేశారు. నాకు అందరి మీదా కోపం వచ్చింది, ఆ రాళ్లు పాతినవాళ్ల మీద కూడా. కోపం రావలసిన మనిషిని మాత్రం చాలా ఏళ్లు వదిలేశాను.

మొన్న చలికాలంలో గజపతినగరం వెళ్లాను. ఆమె అక్కడ స్కూల్లో సైన్సు చెబుతోంది. స్టాఫ్ రూములో ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పాను.

“ఇప్పటికీ ఇంట్లో గ్లాసు కడిగిందే కడుగుతన్నాను, తెలుసా?” అంది.

“తప్పయిపోయిందమ్మా...”

“ఆగు. నాకొక్కదానికి సెప్పేసి ఎల్లిపోదామనా? నన్ను మాటన్నకాడే సెప్పు. ఆ మాటన్నోళ్లుండాల.”

డిపార్ట్‌మెంట్ సెమినార్ దాకా ఆగాను. రిటైరైన మా గైడు ముందు వరుసలో ఉన్నారు. ఆమె సెలవు పెట్టి వచ్చి వెనక కూర్చుంది. నేను మాట్లాడవలసిన విషయం వేరు. అది పక్కన పెట్టాను.

“ఆ మట్టిలో సరుగుడు పుప్పొడి కలిపింది నేను. గుంట నీళ్లతో గొట్టం కడిగాను. ఆమె పనిలో లోపం లేదు. అది తెలిసీ, ఈ గదిలోనే నోరు మెదపకుండా కూర్చున్నాను,” అన్నాను. తర్వాత ఆమె వైపు తిరిగి, “నన్ను క్షమించమ్మా,” అన్నాను.