మంచె ఎక్కిన మొక్క

మా పెరడుకూ అడవికీ మధ్య ముళ్లకంప ఉంది. దాన్ని మేము కంచె అంటాం. దుప్పులు ఏమంటాయో తెలియదు. పొద్దు వాలే వేళకు దాని మీదుగా దూకి వచ్చి, చిక్కుడు తీగ, బొబ్బర, బెండ, ఏది లేతగా ఉంటే అది తిని, వచ్చిన దారినే వెళ్లిపోతాయి. తిన్నాక తొందరపడవు. మా తాత మంచం మీద కూర్చుని వాటిని చూస్తాడు. అవి ఆయన్ని చూస్తాయి.

తాత ఇల్లందు బొగ్గు గనుల్లో పనిచేసి, రిటైరయ్యాక, బూర్గంపాడు దాటి లోపలికి ఉన్న ఈ ఊరికి తిరిగి వచ్చాడు. బతుకంతా భూమి కింద గడిపినందువల్ల కాబోలు, భూమి మీద మొలిచేవన్నీ ఆయనకు ఇష్టమే. ఇప్పుడు నాన్న ఆ పనిలో ఉన్నాడు, ఆదివారాలు వస్తాడు. మిగతా రోజుల్లో ఇంట్లో తాత, అమ్మ, నేను, ఒక బర్రె.

ఆ పెరట్లో కూరగాయల మధ్య ఒక గంజాయి మొక్క ఉండేది. ఈ వాక్యం రాసే ముందు లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. తాత గంజాయి తాగడు, ఆయనది చుట్ట. బర్రె కడుపు చెడి పారుకున్నప్పుడు గడ్డిలో రెండాకులు కలిపి పెట్టడం ఆయన తండ్రి చేసేవాడట. ఆయనా చేస్తానంటాడు. మా బర్రె ఎప్పుడూ ఆరోగ్యంగానే ఉండేది కాబట్టి ఆ మొక్కతో మాకు పెద్దగా పని పడలేదు. అయినా ఉండేది, ఎండాకాలంలో గొడుగు ఉన్నట్టు.

దుప్పులు దాన్నీ తిన్నాయి. మళ్లీ చిగురేస్తే మళ్లీ తిన్నాయి. తాత చుట్టూ రేగుకంప పెట్టాడు. పాత సీడీలు దారానికి కట్టి వేలాడదీశాడు. దుప్పులు వాటిలో ముఖం చూసుకుని మరీ తింటున్నాయని అమ్మ అంది. తాత నవ్వలేదు. ఒకరోజు పొద్దున్నే, వెనకటికి చేను కాపలాకు వేసిన మంచెను బాగుచేయడం మొదలుపెట్టాడు. నీలం రంగు డ్రమ్మును సగానికి కోసి, మట్టి నింపి, మంచె మీదికి ఎక్కించి, అందులో ఆ మొక్కను నాటాడు. వెనక కాళ్ల మీద లేచినా దుప్పి మూతికి అందదు. చిక్కుడుకు ఎప్పుడూ ఇంత మర్యాద దక్కలేదు.

ఆ సాయంత్రం దుప్పులు వచ్చి, మంచె కింద నిలబడి, పైకి చూసి వెళ్లాయి. తాత ఆ రాత్రి ఒక ముద్ద ఎక్కువ తిన్నాడు.

అయితే, దుప్పికి అందనిది మనిషికి కనబడుతుంది. నేల మీద ఉన్నన్నాళ్లు బెండ, గోంగూరల మధ్య ఆ మొక్కను ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడది భద్రాచలం బస్సు కిటికీకి సరిగ్గా ఎదురుగా వచ్చింది. ఈ రోడ్డు మీద పోలీసులు బస్సులు ఆపి సంచులు తడుముతుంటారు. ఎందుకో పిల్లలకు కూడా తెలుసు. ఒకసారి నా సంచి తడిమి, "ఏందమ్మా గింత బరువు?" అని అడిగారు. పుస్తకాలని చెప్పాను. తెరిచి చూశారు. అన్నీ నవలలే ఉండేసరికి ఇంకా అనుమానంగా చూశారు.

మొక్క మంచె ఎక్కిన కొద్ది రోజులకే నా పరీక్ష ఫలితం వచ్చింది. అటవీ శాఖలో బీట్ ఆఫీసరు ఉద్యోగం. దానికి ఇంటర్వ్యూ లేదు. ఉంటే నాకు వచ్చేది కాదు. నలుగురిలో నోరు విప్పలేని మనిషికి అడవిలో తిరిగే ఉద్యోగం కంటే మంచిది ఉండదని నేను ఎప్పటినుంచో డైరీలో రాసుకుంటున్నాను. ఇక మిగిలింది పోలీసు విచారణ. ఇంటికి వచ్చి, మనిషి ఎలాంటిది, ఇంటి మీద కేసులున్నాయా అని చూసి వెళ్తారు. ఏదైనా రాశారంటే ఉద్యోగం పోయినట్టే.

అన్నం దగ్గర అమ్మ మాటెత్తింది.

"మామా, పోలీసోళ్లు ఇంటికొస్తరట. ఆ చెట్టు తీసెయ్యరాదు."

"ఎందుకు?"

"ఎందుకేంది? పిల్ల నౌకరి."

"పిల్ల నౌకరిని చెట్టేం జేసింది?"

"చెట్టేం జెయ్యదు. చూసినోడు జేస్తడు కేసు."

తాత కంచంలోనే చెయ్యి కడిగాడు. "ఇన్నేండ్లకు దుప్పుల మీద గెలిచిన. గెలిచినంక ఓడిపొమ్మంటరా?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను పప్పు వైపు చూశాను.

మర్నాడు తాత వాగు వైపు వెళ్లినప్పుడు అమ్మ మంచె ఎక్కి, డ్రమ్ముతో సహా మొక్కకు తన పాత చీర చుట్టింది. పసుపు చీర, ఎర్ర అంచు. మిగతావి ఇంకా కట్టుకునేలా ఉన్నాయి, అందుకని అది తీసింది. దిగి వచ్చి దూరం నుంచి చూసి, ఇప్పుడు ఏమీ తెలియడం లేదంది.

ఏమీ తెలియని మాట నిజమే. పక్కింటి అవ్వ కట్టెలకు అడవికి పోతూ కంప దగ్గర ఆగింది. మంచె వైపు చూసి చెప్పులు విడిచింది. దండం పెట్టి, మళ్లీ చెప్పులు వేసుకుని పోయింది. వచ్చేటప్పుడు మంచె గుంజకు పసుపు రాసి, రెండు బంతిపూలు పెట్టింది. తాత అప్పుడే వస్తున్నాడు.

"ఏ తల్లిని నిలబెట్టినవయ్యా?" అని అడిగింది అవ్వ.

తాత పైకి చూశాడు. చీర సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది.

"నాకేం తెల్వదు. పొద్దున చూస్తే చీర లేదు. ఇప్పుడు చూస్తే ఉన్నది."

"తానే గట్టుకున్నదా?"

"నేనైతే గట్టలే."

ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. వారం తిరగకముందే గుంజకు కుంకుమ బొట్లు పడ్డాయి, ఎవరో కొబ్బరికాయ కొట్టి వెళ్లారు. ఆ కొబ్బరి మేము తిన్నాం. పారేస్తే బాగుండదు. తాతకు మాత్రం నీళ్లు పోయడం కష్టమైంది. చెంబు పట్టుకుని మంచె ఎక్కినప్పుడల్లా దారిన పోయేవాళ్లు ఆగి, ఆయన దిగేదాకా చేతులు జోడించి నిలబడుతున్నారు.

విచారణకు వచ్చిన కానిస్టేబుల్ నడివయసు మనిషి. బండి ఆపి, మంచెను చూసి, తనూ బూట్లు విప్పాడు. అరుగు మీద కూర్చుని నన్ను అడగవలసినవి అడిగాడు. ఏం చదివావు, ఎక్కడెక్కడ ఉన్నావు, కేసులేమన్నా ఉన్నాయా. నేను తల ఊపడంతోనే చాలావాటికి జవాబిచ్చాను. అమ్మ మంచినీళ్లు తెచ్చింది. అంతలో గాలి వచ్చింది.

చీర కొంగు లేచి, ఒక కొమ్మ మొత్తం బయటికి వచ్చింది. వేళ్లు చాచినట్టున్న ఆ ఆకును ఈ రోడ్డు మీద పనిచేసే పోలీసుకు ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. ఆయన గ్లాసులో నీళ్లు ఆఖరిదాకా తాగాడు. నా ఉద్యోగం ఆ గ్లాసు అడుగున ఉన్నట్టు నేను దాన్నే చూస్తున్నాను.

"తాతా, ఈ తల్లి ఎన్నడొచ్చింది?"

"వానలప్పుడు."

"పేరేంది?"

"పెట్టలే."

"ఈ రోడ్డు మీద మూటలల్ల చూసిన, టైర్లల్ల చూసిన. గింత ఎత్తుల చీర గట్టుకొని గూసున్నది మాత్రం చూడలే."

"కింద పెడితే దుప్పులు తింటున్నయ్ సారూ," అన్నాడు తాత.

అమ్మ కళ్లు మూసుకుంది. కానిస్టేబుల్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పక్కింటోళ్ల సంతకాలు గావాలె. సోమవారం మళ్లొస్త. అప్పటికి తల్లిని మంచిగ సాగనంపుండ్రి. మళ్ల గూడ గీడనే గనబడితే ఉన్నది ఉన్నట్టు రాస్త. నాకు గూడ నౌకరి ఉన్నది."

బూట్లు వేసుకుని, అలవాటు కొద్దీ మంచెకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం తాత మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. దుప్పులు వచ్చాయి, బొబ్బర తిన్నాయి, పోయాయి.

"తాతా, తీసెయ్," అన్నాను.

"నువ్వడుగుతున్నవా?"

"అవ్."

"ఈ మాట మొదలే అనొచ్చు గదనే. మీ అమ్మ అడిగితే మీ అమ్మకు నౌకరొచ్చినట్టు అనిపించింది నాకు."

ఇక తీసేయడమే అనుకున్నాం. కానీ అవ్వ ఒప్పుకోలేదు. అంతమంది మొక్కిన తల్లిని పీకి పెంట మీద వేస్తారా అని అడిగింది. ఆదివారం నాన్న కూడా ఉన్నాడు. మంచె మీద ఏముందో, ఎందుకుందో అమ్మ చెబితే విని, స్నానం చేసి వచ్చి గంప తెచ్చాడు. డప్పు వద్దని అమ్మ అవ్వను బతిమాలింది. తాత మొక్కను వేళ్లతో సహా తీసి, చీరతోనే గంపలో పెట్టి నెత్తిన ఎత్తుకున్నాడు. అవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పసుపునీళ్లు చల్లుతూ ముందు నడిచారు. వెనక మేము. తాత ముఖంలో ఏమీ లేదు. గనిలోకి దిగే ముందు కూడా ఇలాగే ఉండేవాడని నాన్న నా చెవిలో చెప్పాడు.

వాగులో చీర విప్పాక అవ్వ మొక్కను దగ్గరగా చూసింది. ఆకు ఒకటి నలిపి వాసన చూసింది.

"ఇదా? చెప్తే ఏం బోయింది? నా దున్నకు గూడ రెండాకులు అడిగేదాన్ని."

"కోపం రాలేదా అవ్వా?" అన్నాడు నాన్న.

"కోపమెందుకు? చీర గట్టినంక తల్లే." చేతిలోని పసుపు కూడా నీళ్లలో వదిలింది. మొక్క తేలుతూ పోయి, రాయికి తట్టుకుని, తిరిగి, వంపు దాటింది. అమ్మ చీర పిండుకుంది.

సోమవారం కానిస్టేబుల్ వచ్చాడు. ఖాళీ మంచెను చూశాడు.

"సాగనంపిండ్రా?"

తాత నన్ను చూశాడు. అమ్మ కూడా నన్నే చూసింది.

"అవ్ సార్," అన్నాను. ఆయన రాసుకున్నాడు. అవ్వ వేలిముద్ర వేసి, పిల్ల మంచిది, మాట్లాడదు అని చెప్పింది. అదీ రాసుకున్నాడేమో తెలియదు.

ఉత్తర్వు వచ్చింది. ముందు శిక్షణకు వెళ్లాలి. నేను సంచిలో బట్టలు తక్కువగా, పుస్తకాలు ఎక్కువగా సర్దుతుంటే తాత గడప దగ్గర కూర్చున్నాడు.

"ట్రైనింగుల దుప్పుల సంగతేమన్న చెప్తరా?"

"చెప్తరు తాతా. వాటిని కాపాడాలంట."

తాత చుట్ట ముట్టించుకున్నాడు. పెరటి వైపు చూశాడు.

"ఎవల నుంచి?" అన్నాడు.