సముద్రానికి చెప్పిన కబడ్డీ

"మీ సారు పొయినాడంట" అంది మా వీధిలో చేపలమ్మే ఆవిడ. పొద్దున్నే మంచినీళ్ల ట్యాంకర్ కోసం బిందె పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన నాకు పక్కింటివారు, అంతే. ఆవిడ ఇద్దరు కొడుకులకు బడిలో డ్రిల్లు నేర్పింది ఆయనే. అయినా ఆవిడ "మా సారు" అనలేదు. నాలుగేళ్లుగా ఈ పాళెంలో ఎవరూ ఆయనతో మాట్లాడకూడదు. కట్టుబాటుకు అలవాటు పడిన నాలుక చావు కబురు దగ్గర కూడా హద్దు దాటలేదు.

మధ్యాహ్నానికల్లా రోడ్డు మలుపులో ఫ్లెక్సీ లేచింది. రొయ్యల గుంటల ఆసామి వేయించాడు. అందులో మాస్టారి ఫోటో చిన్నది, ఆసామి ఫోటో పెద్దది. 'విజేతల జట్టును చెక్కిన శిల్పికి కన్నీటి నివాళి' అని రాయించాడు. ఉప్పునీటికి ఆయన దగ్గర కొదవేముంది! నా బావిని పాడుచేసింది కూడా ఆ గుంటల నీళ్లే. ఆ ఫ్లెక్సీ చెప్పని సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఈ ఊరివాణ్ని కాను. నాయుడుపేటలో లైబ్రరీలో పనిచేశాను. ఉబ్బసానికి సముద్రగాలి మంచిదని డాక్టరు చెబితే, రిటైరయ్యాక తోటపల్లి గూడూరు దిగువన ఈ పాళెంలో ఇల్లు కొన్నాను. తర్వాత చుట్టూ గుంటలు తవ్వారు. నీళ్లు చెడిపోయాయి. ఇప్పుడు ఈ ఇల్లు కొనేవాడు లేడు, వదిలి పోదామంటే ఇంకో ఇల్లు లేదు. ఉప్పుగాలికి పుస్తకాల అట్టలు ఊడిపోతుంటే చూస్తూ కూర్చోవడమే నా పని. ఆటలంటే నాకు మొదటినుంచీ చులకన. ఈలవేసే మనిషి పక్కింట్లో దొరకడం నా ఖర్మ అనుకున్నాను.

మాస్టారు ఈ పాళెంలోనే పుట్టి, పక్క ఊరి హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయి చాలా కాలమైంది. ఆసామికి కప్పుల సరదా పుట్టి, జీతాలిచ్చి కబడ్డీ జట్టు పెడతానని ఆయన్ను పిలిచాడు. కూతకు వెళ్లి పాయింట్లు తెచ్చే మొనగాళ్లను బయటినుంచి తెచ్చుకుందామన్నాడు. మాస్టారు వద్దన్నారు. మర్నాడు సముద్రం ఒడ్డున అలివి వల లాగేవాళ్లను చూస్తూ కూర్చున్నారు. ఒడ్డున నిలబడి రెండు తాళ్లు పట్టి మనుషులంతా కలిసి లాగే పెద్ద వల అది. ముందు నిలబడి పాట ఎత్తుకునేవాడి మీద ఆయన కన్ను పడలేదు. తాడు చివర, మడమలు ఇసుకలో దించి, బరువంతా కాళ్లలోకి తీసుకునేవాళ్లను చూసి ఏడుగురిని ఏరుకున్నారు.

"కూతకొచ్చినోడు వలలో పడ్డ చాప సార్. మనోడు ఒక్కడు తొందరపడి ఎగబడినాడా, వల చినిగినట్టే" అని నాకు చెప్పారు. నేను అడగలేదు.

ఆయన ఫోనులో అమెరికావాళ్ల ఫుట్‌బాల్ చూసేవారు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, తలలకు హెల్మెట్లు, మనిషి మీద మనిషి పడటం. పేరు ఫుట్‌బాల్, ఆడేదేమో చేతులతో. బంతి పట్టుకుని ఉరికేవాణ్ని నేను చూస్తుంటే తెర మీద వేలు పెట్టేవారు.

"వాణ్ని గాదు సార్. ఈ ముందరుండే లావుపాటోళ్లను చూడండి. వీళ్లు బంతిని ముట్టుకోనే ముట్టుకోరు. వీళ్లు నిలబడితేనే వాడికి దారి. వీళ్ల పేర్లు ఎవడికీ తెలవదు. గెలిచే జట్టును ఈ పేరులేనోళ్ల కాడి నుంచి కట్టుకుంటా రావాల."

"పేరులేకుండా బతకడం నాకు తెలుసులెండి, ఫోనులో చూపించక్కర్లేదు" అన్నాను.

"అయితే మీరూ మా జట్టే సార్" అన్నారు.

రోజూ సాయంత్రం తడి ఇసుక మీద తాడు పరిచి గీతలు గీసేవారు. ఎవడైనా తప్పు చేస్తే ఈల వేసేవారు కాదు. దగ్గరికి నడిచి వెళ్లి, తన కాలితో వాడి మడమను ఇసుకలోకి నొక్కేవారు. పాఠం అంతే. మిగతా ఆటంతా దానికదే వస్తుందని ఆయన నమ్మకం. నిజంగానే వచ్చింది. బోగోలు నుంచి నాయుడుపేట దాకా జీతాల జట్లను ఓడించుకుంటూ పోయారు. ఏడుగురిలో ఎడమ మూల కాచే కుర్రవాడు మరీ గట్టివాడు. వాడు చీలమండ పట్టుకున్నాడంటే కూతకొచ్చినవాడు గీత మొహం చూసేవాడు కాదు.

గెలుస్తున్న జట్టు మీద పక్కవాళ్ల కళ్లు పడతాయి. మావాళ్లకు ఎక్కువ జీతం ఆశ చూపించడం మొదలుపెట్టారు. అప్పుడు మాస్టారు ఒక పని చేశారు. పాళెం పెద్దల దగ్గరికి వెళ్లి దురాయి పెట్టమన్నారు. దురాయి అంటే పెద్దలు వేసే కట్టుబాటు. వేట ఏ రోజు మానాలో, ఏ వల వాడకూడదో ఇక్కడ దురాయే చెబుతుంది, దాన్ని దాటినవాడు లేడు. ఏడుగురిలో ఎవరూ వేరే జట్టుకు ఆడకూడదని ఆయన అడిగారు, వాళ్లు వేశారు.

"మాస్టారూ, ఇది జట్టు కట్టడం కాదు, మనుషుల్ని కట్టేయడం" అన్నాను.

"గొలుసులో ఒక కొక్కెం ఊడితే ఏముంది సార్? అంతా పాయె" అన్నారు. నా మాట ఆయన చెవికెక్కలేదు. ఈ ఊళ్లో నా మాట ఎవరి చెవికీ ఎక్కిన దాఖలా లేదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

రెండేళ్లకు, టీవీలో ఆటలొచ్చే పెద్ద జట్టు ఒకటి ఎడమ మూల కుర్రవాణ్ని రమ్మంది. ఆ సాయంత్రం వాడు మాస్టారి అరుగు మీద కూర్చుని మాట్లాడుతుంటే గోడ ఇవతల నాకు వినిపించింది.

"నాకు ఇరవై నాలుగు సారూ. మోకాళ్లు ఇంకెన్నాళ్లుంటాయి? ఈసారి పోకపోతే నాకు ఈ తాడూ ఈ వలే. మీరేసిన ముడి. మీరే ఇప్పాల."

మాస్టారు మర్నాడు పెద్దల ముందు నిలబడ్డారు. వెనకాల నేనూ ఉన్నాను.

"కట్టమన్నదీ నువ్వే, ఇప్పమనేదీ నువ్వేనా సారూ?" అన్నాడు వాళ్లలో పెద్దాయన. "దురాయంటే నీ నిక్కరు బొందనుకున్నావా, కావాల్సినప్పుడు బిగిచ్చి, కావాల్సినప్పుడు వదిలేదానికి?"

జనం పగలబడి నవ్వారు. ఆసామి నవ్వలేదు. "వాడు పోతే ఈసారి కప్పు మీ ఇంట్లోంచి తెస్తారా మాస్టారూ?" అన్నాడు. కుర్రవాడు తల వంచుకుని కాలి బొటనవేలితో ఇసుక గీకుతున్నాడు. ఇంత పెద్ద సముద్రం పక్కన ఇంత ఇరుకు చోటు నేను ఎక్కడా చూడలేదు.

మరో రెండు రోజులకు, తెల్లవారుతుండగా మాస్టారు వాణ్ని తన మోటార్ సైకిల్ మీద హైవే దాకా తీసుకుపోయి బస్సెక్కించారు. తిరిగి వచ్చి ఇంటికైనా వెళ్లకుండా పెద్దాయన గుమ్మం ముందు నిలబడి, "నేనే ఎక్కిచ్చి వచ్చినా. వాళ్లింటోళ్లను ఏమీ అనబాకండి" అన్నారు.

దాంతో దురాయి ఆయన మీదికి తిరిగింది. ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు, ఆయన పిలిస్తే పలకకూడదు. ఎన్నాళ్లంటే, ఎత్తేసేదాకా. సొంత చెల్లెలు కూర గిన్నె అరుగు మీద పెట్టి, తలుపు తట్టి, మాట లేకుండా పోయేది. ఆసామి కొత్త కోచ్‌ను పెట్టలేదు, జట్టు ఇప్పుడు దానంతటదే నడుస్తుందన్నాడు.

దురాయి పాళెం మనుషులకే. నేను పాళెం మనిషిని కానన్న మాట ఇన్నేళ్లలో మొదటిసారి ఎవరికో పనికొచ్చింది. సాయంత్రం కాగానే మాస్టారు నన్ను లేవదీసి ఒడ్డుకు తీసుకుపోయేవారు. అక్కడ బోర్లించిన పాత పడవ ఒకటుంది. దాని మీద, ఆడేవాళ్లకు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చునేవాళ్లం. అప్పుడప్పుడు మెడ తిప్పి ఆట చూసి, మళ్లీ సముద్రం వైపు తిరిగి నాకు చెప్పేవారు. నేను పక్కనే ఉన్నాను, ఆయన గొంతు మాత్రం పడవలో వాళ్లను పిలిచినంత పెద్దది.

"సార్! ఎడమ మూల కొత్తోడు ముందరికి ఉరుకుతా ఉండాడు. అట్టయితే ఎట్ట సార్?"

"నాకేం తెలుసండీ!"

"మడమ దించాల సార్, మడమ! కుడి మూలోడు వాడి చెయ్యి వదిలేస్తా ఉండాడు, ఎందుకు వదలాల?"

వెనకాల కాళ్లు సర్దుకునే చప్పుడు వినిపించేది. తిట్లు కూడా నాకే పడేవి. "బుద్ధుందా సార్, గాడిద మాదిరి అట్ట పడిపోతారా?" అని ఆయన గట్టిగా అరిస్తే, నా వయసుకు తగని ఆ మాటలు నేను సముద్రాన్ని చూస్తూ భరించేవాణ్ని. ఇష్టం లేని ఆటను నాలుగేళ్లు చెవుల్లో పోయించుకున్నాను. మానేద్దామంటే ఆయనకు మాట్లాడటానికి ఇంకెవరున్నారు?

పెద్దాయన ఒకసారి పడవ దాకా వచ్చి నావైపు చూసి, "ఎవరితోనయ్యా మీ సారు ఆ అరుపులు?" అన్నాడు.

"నాతోనే. నాకు చెవుడు" అన్నాను.

పెద్దాయన మీసం కింద నవ్వుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడు కూడా కప్పు వచ్చింది. ఆసామి దాన్ని ఊరేగించాడు. మాస్టారి ఇంటి ముందు ఊరేగింపు ఆగలేదు.

బస్సెక్కిన కుర్రవాడు పెద్ద జట్టులో చాలాసార్లు ఆట దక్కక పక్కన కూర్చునే ఉంటాడు. టీవీలో చూసి ఆ మాట నేనే చెప్పాను, కొంచెం కసిగానే. "బెంచీ మీద కూర్చున్నా పర్లేదు సార్. వాడి కాళ్లతో వాడే పోయి కూర్చున్నాడు గదా" అన్నారు మాస్టారు.

ఆయన పోయిన పొద్దున పెద్దాయన వచ్చి, "సచ్చినోడి మీద దురాయి ఉండదు" అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు పాళెమంతా ఒక్కసారిగా నోరు తెరిచింది. "సారూ, సారూ" అని ఆరుగురూ పాడె పట్టుకుని ఏడ్చారు. చెల్లెలు నాలుగేళ్ల మాటలన్నీ ఆయన చెవి దగ్గర ఒక్కసారే చెప్పింది. వినాల్సిన మనిషి వినలేనప్పుడు మాట్లాడటానికి అనుమతి ఇవ్వడం పెద్దరికమైతే, అలాంటి పెద్దరికం వాళ్ల దగ్గరే ఉండనీ. కుర్రవాడు మధ్యాహ్నం బస్సు దిగి వచ్చి పాడె నాలుగో కొమ్ము అందుకున్నాడు. ఎవరూ వద్దనలేదు.

మూడో రోజు సాయంత్రం కాళ్లు వాటంతటవే నన్ను పడవ దగ్గరికి తీసుకుపోయాయి. వెనకాల ఆట మొదలైంది. ఎవరూ గొంతెత్తడం లేదు. ఒకసారి మెడ తిప్పి చూశాను. ఎడమ మూలవాడు గీత దాకా ఎగబడి వచ్చి, నిలబడి, పడవ వైపు చూస్తున్నాడు. నేను సముద్రం వైపు తిరిగాను. నా పక్కన ఖాళీగా ఉన్న చెక్కను చూస్తూ, నాకున్న గొంతంతా పెట్టి అన్నాను.

"మాస్టారూ! ఆ ఎడమ మూలవాడి మడమ దిగలేదు!"

వెనకాల తడి ఇసుకలో కాలు దిగిన చప్పుడు వినిపించింది.

నేను తిరిగి చూడలేదు.