బీడీ ఒక్కటే వదిలిన ఏడు

మొన్న జనవరి ఒకటో తారీఖున, నంద్యాలలో మా ఇంటి ముందుగదిలో మనవరాలు గోడకొక పెద్ద కాగితం అతికించి, ఈ ఏడు తాను సాధించబోయేవన్నీ పదకొండు వరుసల్లో రాసి, పన్నెండోది నన్ను చెప్పమంది. చదివాను. అన్నీ కొత్తగా పట్టుకోబోయేవే, వదిలిపెట్టేది ఒక్కటీ లేదు. చేతినిండా పాతవి పెట్టుకుని కొత్తవి ఎట్లా పట్టుకుంటావమ్మా అని అడిగితే, ముసలివాడి చాదస్తమని నవ్వేసింది. చాదస్తమే కావచ్చు, ఆ మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను. ఎందుకో నా ఈడువాళ్లకైనా అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. ఆళ్లగడ్డలో మా మేనమామ దగ్గర నేను రాతి విగ్రహాలు చెక్కేవాణ్ణి. ఇరవై రెండేళ్ల వయసు, చేతిలో పనితనం ఉంది, దానికి మించిన పొగరూ ఉంది. మేము పనిచేసే పందిట్లో మామ పెట్టిన ఆచారం ఒకటుండేది. ఉగాది ముందురోజు, కొత్త అమావాస్యనాడు, ఉలులన్నీ కొలిమికి పంపి మొనలు తీయించి, పండుగ ఉదయం వాటికి పసుపు కుంకుమ పెట్టి వరుసగా పేర్చేవాళ్లం. ఎవరైనా తన ఉలి చేతికి తీసుకోవాలంటే, ఈ ఏడు తానేం వదులుతున్నాడో అందరి ముందూ చెప్పాలి. ఏం చెక్కుతావని మామ ఎవరినీ అడిగేవాడు కాదు. మాలో పెద్దవాడైన ఒక అన్న ఏటా నశ్యమే వదిలేవాడు. "ఏమన్నా, పోయినేడు వదిలిన డబ్బీ ఈ ఏడు యాడ పెట్టినావు?" అని మేమంతా ఎగతాళి చేస్తే, గట్టిగా ఒక తుమ్ము తుమ్మి ఉలి అందుకునేవాడు.

ఒక ఉగాదికి నేను బీడీ వదిలాను. నిజంగానే వదిలాను, మళ్లీ ముట్టలేదు. కాని వదలవలసింది బీడీ కాదని నాకు తెలుసు. చేతిలో ఏదైనా చెడిపోతే దాచిపెట్టడం నా అలవాటు. చిన్న పెచ్చు లేచినా సరే, రాతిపొడిని కరిగిన లక్కలో కలిపి ఆ చోట మెత్తి, నున్నగా రుద్ది, ఏమీ ఎరగనట్టు తిరిగేవాణ్ణి. గడపరాయికైతే అది చెల్లుతుంది. విగ్రహానికి వేలి కొన విరిగినా పూజకు పనికిరాదని మా ఇళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆ ఏడు రుద్రవరం పక్క పల్లెవాళ్లు ఆంజనేయస్వామిని చెక్కమన్నారు. నాలుగు నెలల పని. ముఖం, గద, తోక అన్నీ కుదిరాక, చివర్లో ఎత్తిన కుడిచేతి చిటికెనవేలి కొన ఉలి దెబ్బకు ఎగిరిపోయింది. మామ ఊళ్లో లేడు. ఆ ముక్కను వెతికి లక్కతో అతికించేశాను. ఆయన తిరిగివచ్చి చెయ్యంతా తడిమి చూసి, "వేళ్లు బాగా తీసినావురా అల్లుడా" అన్నాడు. ఆ మెచ్చుకోలును సిగ్గులేకుండా తీసుకున్నాను. అందుకు నన్ను నేను ఇన్నేళ్లయినా క్షమించుకోలేదు.

మరుసటి ఉగాదికి ఆ పల్లె పెద్దలు నలుగురు బండి కట్టుకుని వచ్చారు. ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టుకున్నారు, మా పూజ ముగియగానే స్వామిని తీసుకుపోవాలి. వాళ్ల ముందే నా వంతు వచ్చింది. బీడీ ఎప్పుడో పోయింది, చెప్పడానికి సులువైనది ఇంకేదీ మిగల్లేదు.

"తప్పు చేసి దాచిపెట్టేది వదుల్తాండా మామా. సామి చిటికెనేలు అతుకుండాది" అన్నాను.

మామ నవ్వబోయాడు. "పండగ పూట ఏం మాటలురా, ఊరోళ్లుండారు" అని దగ్గరికి వచ్చి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నోరు మూసుకో. వాళ్లు పోయినాంక మాట్లాడదాం" అని చెవిలో అన్నాడు. జన్మలో ఆయన మాటకు నేను ఎదురుతిరిగింది ఆ ఒక్కసారే. చెయ్యి విడిపించుకుని, హారతి పళ్లెం తీసి ఆ వేలి కింద పట్టాను. కర్పూరం మంటకు లక్క మెత్తబడి, బొట్టుబొట్టుగా కారి, వేలి కొన పళ్లెంలో పడింది.

వచ్చినవాళ్లలో పెద్దాయన దాన్ని తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "ఇది మా గుళ్లో ఊడింటే, మా ఊరి పాపమే అనుకుంటాంటిమి గదప్పా" అన్నాడు. ఆ ముక్కను మళ్లీ పళ్లెంలో పెట్టి, "ఇంగోటి చెక్కు. నువ్వే చెక్కల్ల" అని, ఖాళీ బండి తోలించుకుని వెళ్లిపోయాడు.

వాళ్ల ముహూర్తం దాటిపోయింది. నేను మరో నాలుగు నెలలు కూర్చుని, అతుకు లేని స్వామిని చెక్కి ఇచ్చాను. మామకు చాటుగా చెప్పి ఉండవలసిందని మావాళ్లు ఇప్పటికీ అంటారు. ఒప్పుకోను. చాటుగా చెప్పి ఉంటే చాటుగానే సర్దేసేవాళ్లం. చెప్పినందుకు నాకు ఏనాడూ బాధ లేదు. బీడీ మానానన్న పేరుతో ఏడాది పొడుగునా మంచివాడిలా తిరిగాను చూడండి, అదే ఇప్పటికీ గుచ్చుతుంది.

ఆ తర్వాతి ఉగాదికీ ఉలులు కొలిమికి వెళ్లివచ్చాయి, పసుపు కుంకుమా పెట్టాం. మామ మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. ఎవరి ఉలి వాళ్లు తీసుకుని పనిలో కూర్చున్నాం. ఆయన బతికినన్నాళ్లూ మళ్లీ అడగలేదు.

ఇప్పుడు రాయి కోయడానికి యంత్రాలొచ్చాయి, కొత్త సంవత్సరం ఏడాదికి రెండుసార్లు వస్తోంది, ఏం సాధిస్తావని అడిగేవాళ్లు ఇంటినిండా ఉన్నారు. ఏం వదిలావని మొహాన అడగగలిగిన ఒక్క మనిషి నోరూ నేనే కట్టేశాను. ఆయన అడగడం మానేశాక నేను వదిలింది, నిజం చెప్పాలంటే, పెద్దగా ఏమీ లేదు.